కొత్త పాయఖానాలో ఎర్రనూలు

ఇటు దగ్గరికి జరిగి కూచోండి, ముక్కు మూసుకోకుండా వింటానంటేనే చెబుతాను. ఆ రోజుల్లో, అంటే అరవైల్లో, జంపఖానాలు నేసే మా కొత్తవాడలో తెల్లవారకముందే చెంబు పట్టుకుని బయటికి నడవని ఇల్లు లేదు. అలాంటి వాడలో, నేను కాపురానికొచ్చిన ఏడాదే, మా మామ పెరట్లో తెల్లటి పింగాణీ బేసిన్ పెట్టించి పాయఖానా కట్టించాడు. చుట్టాలు చూడటానికి వచ్చేవారు. (చూసి ఊరుకునేవారు కాదు, కూచుని మరీ పోయేవారు.) కట్టిన మేస్త్రి వెళ్తూ, "నీళ్లు దండిగ పొయ్యున్రి, ఇంకేం ఎయ్యకున్రి. లోపల గొట్టం వంకర ఉంటది, అండ్ల ఇరుక్కుంటది" అని చెప్పాడు. అందరమూ తలలూపాం. కానీ ఏం పారేసినా చెంబెడు నీళ్లకు ఆనవాలు లేకుండా పోయే చోటు ఉమ్మడి ఇంట్లో ఇంకెక్కడ దొరుకుతుంది?

మా పుట్టిల్లు ములుగు. అక్కడ మాకు బట్టల దుకాణమే గాని మగ్గం లేదు. అత్త పక్కన కూచుని జంపఖానా నేయడం నేర్చుకుంటూ రెండుసార్లు చారలు తప్పాను. "మూడోపారి తప్పితే ములుగు బస్సెక్కిస్త. మీ అవ్వ దగ్గర నేర్సుకోనిరా పో" అంది అత్త. (మా అమ్మకు మగ్గానికి ఏ వైపు కూచోవాలో కూడా తెలియదు.) ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం, అత్త కునుకు తీస్తుంటే, పచ్చ రావలసిన చోట జానెడు మేర ఎర్ర నేసేశాను. గబగబా కోసి విప్పాను. ఆ నూలు ముక్కలు బుట్టలో వేస్తే అత్త చూస్తుంది, పొయ్యిలో వేస్తే కంపు కొడుతుంది. కొంగులో మూటకట్టుకుని పాయఖానాకు నడిచాను.

మర్నాడు పోసిన నీళ్లు పోసినట్టే పైకి వచ్చాయి. మేస్త్రిని పిలిపించారు. ఆయన కొక్కెం కట్టిన వెదురు బద్ద లోపలికి తోస్తుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డాం. నా కళ్లకు ములుగు బస్సే కనబడుతోంది. మొదట బీడీ ముక్కల ముద్ద వచ్చింది. దగ్గుకు బీడీలు మానమని దవాఖానలో చెప్పించుకున్న మామ ఆకాశం వైపు చూశాడు. ఆ తర్వాత మేస్త్రి బలంగా లాగితే, నా ఎర్రనూలంతా చుట్టుకుని ఒక మామిడి టెంక బయటపడింది.

"మంచిగ చీకిన టెంక" అన్నాడు మేస్త్రి.

అత్తకు చక్కెర జబ్బని మామ ఆ ఏడు ఇంటికి మామిడిపండే తేలేదు. "ఎవలిది ఇది?" అన్నాడు. అత్త మొహం పాలిపోయింది. ఎక్కడి నుంచి వచ్చిందో గాని నా నోట మాట వచ్చింది: "నాదే మామా. మా తమ్ముడు తెచ్చిండు."

"మరి ఈ నూలు?"

అత్త నా వైపు చూడలేదు. "నాదే. చేతులు తుడుసుకొని ఏసిన. ఇగ లోపలికి నడువున్రి" అంది.

ఆ మర్నాడు నా పక్కన కూచుని ఎర్ర ఎక్కడ ఆపాలో వేలు పెట్టి చూపించింది. ములుగు బస్సు మాట మళ్లీ ఎత్తలేదు. ఆ వేసవిలో అత్తా నేనూ ఇంకొక్క పండు తిన్నాం, చెరిసగం. టెంక మాత్రం పెరట్లో పాతాం.

ఇప్పుడు నేనే అత్తను. మా పాయఖానా పక్కన మూతబకెట్ ఒకటి ఉంటుంది. కోడలు కొంగులో ఏదో దాచుకుని అటు పోతుంటే, "బకెట్ల ఎయ్యి బిడ్డా, నేను సూడ" అని గోడవైపు తిరిగి కూచుంటాను. మీ ఇంట్లో కూడా నీళ్లు నిలవకుండా, మనసుల్లో ఏదీ అడ్డం పడకుండా, పిల్లాజెల్లాతో చల్లగా ఉండండి.