వెర్నా ముఖంలో సగం

సముద్రం ఒడ్డున లూనెన్‌బర్గ్ ఊరి వెనక కొండమీద క్రిస్మస్ చెట్ల తోట వెర్నా హర్టిల్‌ది, ఆమె తమ్ముడు ఎల్విన్‌ది. తండ్రి పోయాక వెర్నా పెళ్లి మాటెత్తకుండా ఆ కొండనే పట్టుకుని ఉండిపోయింది. వేసవి వస్తే ఇద్దరూ పొడవాటి కత్తులతో ఆ ఫర్ చెట్ల కొమ్మలను గోపురంలా కత్తిరిస్తారు. ఆ ఏడు ఎండ మండిపోతుంటే ఆమె నిక్కరు వేసుకుని మోకాలెత్తు గడ్డిలో పనిచేసింది. తర్వాత కొన్నాళ్లు జ్వరమొచ్చి తగ్గింది. జలుబనుకుని పట్టించుకోలేదు.

ఆగస్టులో ఒక ఉదయం, సముద్రం మీది పొగమంచు కొండెక్కి వచ్చింది. బ్లూబెర్రీలు ఏరుకుందామని వెర్నా తోట వెనక అడవిలోకి వెళ్లింది. చిన్నప్పటినుంచి నడిచిన బాటే. అయినా వాగు దాటాక ఎటు తిరగాలో తోచలేదు. పక్షి కూత కూడా లేదు. ఎదురుగా ఒక జింక నిలబడి ఉంది. దాని చెవుల చుట్టూ బూడిదరంగు పూసల్లా, నెత్తురు తాగి ఉబ్బిన పిడుదులు. అది పారిపోలేదు. తెలిసిన మనిషిని చూసినట్టు ఆమెనే చూస్తోంది. తన ఊపిరే వెనకనుంచి ఎవరిదోలా వినిపిస్తున్నట్టనిపించింది వెర్నాకు.

ఇల్లెలా చేరిందో ఆమెకు గుర్తులేదు. వంటింట్లో ఎల్విన్ ఏదో వెక్కిరిస్తే నవ్వింది.

“ఏంటక్కా, ఒక పక్కే నవ్వుతున్నావ్? నా జోకు సగమే అర్థమైందా?”

ఆ మాటంటూనే అతని ముఖం పాలిపోయింది. వెర్నా అద్దం ముందుకెళ్లింది. కుడివైపు తనే. ఎడమవైపు మరెవరో, జారిపోయిన చెంపతో, వాలని రెప్పతో చూస్తున్నారు.

“పక్షవాతమేమో. పద, బండెక్కు,” అన్నాడు ఎల్విన్.

ఆసుపత్రిలో డాక్టరు ఆమె కాళ్లూ చేతులూ ఆడించి చూసింది. “పక్షవాతం కాదు. ఈ వేసవిలో పిడుదు కరిచిందా?”

“లేదండీ. కరిస్తే తెలియదా?”

“పిల్ల పిడుదు గసగసాల గింజంతే ఉంటుంది. నొప్పి కూడా తెలియదు.”

మోకాలి వెనక, వెర్నా ఎన్నడూ చూసుకోని చోట, వెలిసిపోతున్న ఎర్రటి వలయం కనిపించింది. రక్తపరీక్షలో అది పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బని, ముఖం వాలింది అందుకేనని తేలింది. మందులతో నయమవుతుందన్నారు. అప్పటిదాకా ఆ ఎడమకన్ను మూతపడేది కాదు, పట్టీ అంటించుకుని పడుకునేది. తను నిద్రపోయాక అది ఒక్కటే ఏదో చూస్తూ ఉంటుందేమోనని ఆమెకు బెదురు. ఆకులు రాలేసరికి చెంప మెల్లగా దారికొచ్చింది.

మరుసటి జూన్‌లో తెల్ల ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపి, పురుగులు అంటకుండా మందు చల్లుకుని, వెర్నా మళ్లీ తోటలోకి వెళ్లింది. అడవికి వెళ్లడమూ మానలేదు. ఇంటికి రాగానే, పిడుదులుంటే చచ్చేలా బట్టలు వేడి డ్రయ్యర్లో వేసి, మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో తడిమి చూసుకునేది. ఎల్విన్ నవ్వేవాడు. ఒకరోజు భోజనం దగ్గర అతని చెవి వెనక నల్లచుక్క కనిపించింది.

“కదలకురా.”

“మట్టిలే అక్కా.”

ఆమె సన్నపట్టకారును చర్మానికి ఆనించి, మెలిపెట్టకుండా తిన్నగా లాగింది. తెల్ల పళ్లెంలో పెడితే ఆ ‘మట్టి’ కాళ్లు విప్పి నడిచింది. ఎల్విన్ చొక్కా విప్పి, ఆమెకు వీపు చూపించాడు.