బంతాసురుడు మంచివాడైన ఆదివారం

మొన్న ఆదివారం నేనేం చేశానో వింటే మీరు నాకు ఇంకో కప్పు టీ కూడా పొయ్యరు. ఒక పెద్దమనిషిని మంచివాడిగా మార్చేశాను. నవ్వకండి! ఇప్పుడేమో ఆయన ముఖం చూడలేక, ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కాలనీ వెనక నుంచి చుట్టు తిరిగి కరీంనగర్ రోడ్డు ఎక్కుతున్నాను.

నేను పేట్ బషీరాబాద్‌లో ఓ చిన్న యానిమేషన్ స్టూడియోలో బొమ్మలేస్తాను కదా. యూట్యూబ్‌లో పిల్లలకి కార్టూన్లు చేస్తాం. వేసవిలో మా మేడం పిలిచి, "కొత్త సిరీస్‌కి విలన్ కావాలి. రాక్షసుడే, కానీ పిల్లలకి ఎక్కడో చూసినట్టుండాలి" అంది. ఎక్కడో ఏమిటి, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మా ఎదురింటి సత్తయ్య అంకుల్!

తూంకుంటలో మా కాలనీ అంతా ఒకప్పుడు ఆయన వాళ్ళ మక్క చేను. మేమందరం గుంటూరు నుంచీ కాకినాడ నుంచీ వచ్చి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళం. ఆయన మధ్యలో ఒక్క ప్లాటు ఉంచుకుని అందులోనే ఉంటున్నాడు. ఆ ఇంటి పక్కన పార్కు కోసం వదిలిన జాగాలో పిల్లలు క్రికెట్ ఆడతారు. బంతి ఆయన గేటు లోపల పడిందా, అంతే సంగతులు. బయటికొచ్చి, మీసం మీద చెయ్యేసి, "నా గేటు దాటితె నా బాలే!" అంటాడు. పిల్లలు గేటు పట్టుకుని వేలాడుతూ బతిమాలాలి. మనసైతే ఇస్తాడు, లేకపోతే స్టోర్ రూంలో పడేసి తాళం వేస్తాడు.

అలా పుట్టాడు బంతాసురుడు. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన గళ్ళ లుంగీ, తలకి తుండు, మొలకి తాళాలగుత్తి, ముక్కు పక్కన పుట్టుమచ్చ. ఆ డైలాగు కూడా ఉన్నదున్నట్టు దించేశాను. వీడు లోకంలో గుండ్రంగా ఉన్నదేదీ వదలడు. బంతులు, లడ్డూలు, బళ్ళ చక్రాలు, చివరికి చందమామని కూడా ఎత్తుకొచ్చి గదిలో పెట్టుకుంటాడు. ఎందుకైనా మంచిదని రెండు కొమ్ములు తగిలించాను. ఎవరైనా అడిగితే కొమ్ములు చూపించి తప్పించుకోవచ్చు కదా!

హిట్టయింది. మా కాలనీలోనైతే మరీను. నాకు లోపల గర్వం, పైకి భయం. పోనీలే, ఆయన దగ్గరున్నది బటన్ల ఫోను, ఎక్కడ చూస్తాడులే అని ధైర్యం చెప్పుకున్నాను.

ఒక సాయంత్రం జవహర్‌నగర్ చెత్త డంపు వైపు నుంచి గాలి తిరిగింది. ఆ కంపుకి కిటికీలన్నీ బిడాయించుకుని కూర్చున్నాం. బెల్ మోగింది. తలుపు తీస్తే సత్తయ్య అంకుల్! పక్కనే మా అమ్మాయి మిన్ను, చేతిలో వాళ్ళమ్మ ఫోను.

"నాన్నా, అంకుల్‌కి బంతాసురుడంటే ఎవరో తెలీదంట! నేనే చూపించా" అంది, పెద్ద ఘనకార్యం చేసినట్టు. రెండో క్లాసు పిల్లని ఏమనగలను!

ఆయన సోఫాలో కూర్చుని నెమ్మదిగా అడిగాడు. "బాబూ, గీ మనిషి నేనేనా?"

"అయ్యయ్యో, లేదంకుల్! పూర్తిగా కల్పితం. చూడండి, కొమ్ములున్నాయి."

ఆయన ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "కొమ్ములు సరే. మరి గీ పుట్టుమచ్చ ఏడికెల్లి వచ్చింది?"

వంటింట్లో మా ఆవిడ సుధ నవ్వు ఆపుకోలేక దగ్గింది. ఇంట్లోనే ఇలాంటి మనుషులుంటే నాకు బయట శత్రువులెందుకు!

నోరు మూసుకుని ఉంటే పోయేది. కంగారులో, "ఆఖరికి మంచివాడైపోతాడంకుల్" అనేశాను. అసలు కథలో అలాంటిదేమీ లేదు.

"ఎప్పుడు?"

"కొన్ని ఎపిసోడ్లయ్యాక."

"సరే తియ్యి. సూస్త" అని తుండు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది. నాకు అన్నం సహించలేదు. పెద్దాయన్ని ఊరందరి ముందూ రాక్షసుణ్ణి చేసి కూర్చోబెట్టానే అని నిజంగా సిగ్గేసింది.

మర్నాడు ఆఫీసులో మేడం కాళ్ళావేళ్ళా పడ్డాను, బంతాసురుణ్ణి మార్చేద్దామని.

"ఎందుకండీ? వ్యూస్ వచ్చేదే వాడి వల్ల. విలన్ మారిపోతే ఇంక చూసేదెవరు?"

"ఎమోషనల్‌గా ఉంటుంది మేడం. లోపల మంచికీ చెడుకీ కొట్లాట..."

పోరగా పోరగా ఒప్పుకుంది. "సరే, కానీ మెల్లగా మార్చండి. ఒక్కసారిగా మారితే సీరియల్లో అత్తగారిలా ఉంటుంది."

ఇక చూస్కోండి నా పనితనం! ఒక ఎపిసోడ్‌లో బంతాసురుడు ఏడుస్తున్న పాపకి బంతి ఇచ్చేస్తాడు. మళ్ళీ మనసొప్పక దొంగచాటుగా వెళ్ళి ఎత్తుకొచ్చేస్తాడు. ఇంకోదాంట్లో చందమామని వదిలేద్దామని కిటికీ దాకా తీసుకెళ్ళి, ఓ ముద్దు పెట్టి, మళ్ళీ తెచ్చి పెట్టెలో దాచుకుంటాడు. అది గీస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

ప్రతి ఆదివారం సత్తయ్య అంకుల్ మా ఇంటికొచ్చి మిన్ను పక్కన కూర్చుని చూసేవాడు.

"ఇంక మంచోడు గాలేదా?"

"అవుతున్నాడంకుల్. లోపల సంఘర్షణ జరుగుతోంది."

"గింత సేపా? మా దోస్తు కల్లు బంద్ జేసెటందుకు గూడ గింత టైం వట్టలే!"

పాపం, ఎంత ఆత్రంగా ఉందో అనుకునేవాణ్ణి.

ఈలోగా ఆయన గేటు దగ్గర సందడి పెరిగింది. సాయంత్రమైతే చాలు, పక్క కాలనీ పిల్లలు కూడా దిగేవారు. కావాలని బంతి లోపలికి విసిరేవారు. ఆయన బయటికొచ్చి మీసం మీద చెయ్యేసి డైలాగు కొట్టేవాడు. వాళ్ళు కెవ్వుమని పారిపోయేవారు, మళ్ళీ వచ్చేవారు. కొన్నాళ్ళకి ఆయన తాళాలగుత్తి గలగలలాడించడం కూడా మొదలుపెట్టాడు. నేను మేడ మీద నిలబడి, నా వల్ల పెద్దాయన్ని ఎంత ఆటపట్టిస్తున్నారో అని కుమిలిపోయేవాణ్ణి.

"ఆయన నవ్వుతున్నట్టున్నాడండీ" అంది సుధ ఒకసారి.

"బాధని అలా దాచుకుంటున్నాడు" అన్నాను. చూశారా, ఎంత తెలివో నాకు!

మొన్న ఆదివారం ఆఖరి ఎపిసోడ్. బంతాసురుడు గది తాళం తీసి, బంతులన్నీ పంచేసి, చందమామని ఆకాశంలో వదిలేస్తాడు. కొమ్ములు ఊడి పడతాయి. కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తాడు. ఆ కన్నీళ్ళు వేరే ఎవరికీ ఇవ్వకుండా నేనే గీశాను. మా హాల్లో కూర్చున్న కాలనీ పిల్లలంతా ఒకటే చప్పట్లు. సత్తయ్య అంకుల్ మాత్రం కొట్టలేదు.

"అయిపాయెనా?" అన్నాడు.

"అయిపోయిందంకుల్! ఇక మీరు... అదే, బంతాసురుడు బంగారం!"

మిన్ను గబుక్కున లేచింది. "అంకుల్, మీరు మంచివాళ్ళైపోయారు కదా! మా బాల్స్ అన్నీ ఇచ్చెయ్యాలి!"

పిల్లలంతా కేకలేస్తూ ఆయన వెంటపడ్డారు. ఆయన ఇంటికెళ్ళి, స్టోర్ రూం తాళం తీసి, ఓ బస్తా బంతులు తెచ్చి గేటు ముందు గుమ్మరించాడు. పిల్లలు తమవీ, తమవి కానివీ ఏరుకుని పోయారు. నేనూరుకున్నానా? వీడియో తీసి, 'మా సత్తయ్య అంకుల్ మనసు వెన్న' అని రాసి కాలనీ గ్రూపులో పెట్టాను. గ్రూపు నిండా దండాల ఎమోజీలు. ఆ రోజు నా అంత మంచివాడు లేడనుకున్నాను.

సోమవారం బంతి గేటు లోపల పడింది. పిల్లలు గేటు తెరుచుకుని లోపలికి వెళ్ళి తెచ్చేసుకున్నారు. అడిగిందీ లేదు, బతిమాలిందీ లేదు. మంగళవారమూ అంతే. ఆయన కుర్చీ తెచ్చుకుని గేటు పక్కనే కూర్చున్నా, పిల్లలు ఆయన ముందు నుంచే వెళ్ళి బంతి తీసుకుని వచ్చేస్తున్నారు.

బుధవారం సాయంత్రం మా ఇంటికొచ్చాడు. సుధ టీ ఇస్తే ముట్టలేదు.

"బాబూ, ఒక్క మాట అడుగుత. గా బంతాసురుడు మల్ల ఎప్పుడు ఖరాబైతడు?"

నాకు అర్థం కాలేదు. "అదేంటంకుల్? మీరు బాధపడుతున్నారనే కదా నేను..."

"నేను బాధపడుతున్న అని నీకు జెప్పిన్నా? గీ కాలనీ కట్టినప్పటి సంది నన్ను సూసి ఆగి మాట్లాడినోడు ఒక్కడన్న ఉన్నడా? బాల్ గుంజుకుంటె పిల్లలు గేటు కాడికి వస్తరు. బతిమాలుతరు, బడి ముచ్చట్లు జెప్తరు. ఊకె ఇచ్చేస్తె ఇంకెందుకొస్తరు? నీ బొమ్మ వచ్చినంక ఇంకింత మంది వచ్చిండ్రు. మస్తు అనిపిచ్చింది బాబూ. నువ్వేమో మంచోన్ని జేస్తివి."

అప్పుడు గాని నాకు వెలగలేదు. ఆదివారం ఆదివారం వచ్చి 'ఇంక మంచోడు గాలేదా' అని అడిగింది ఆత్రంతో కాదు, భయంతో. అన్నాళ్ళు నా పక్కనే కూర్చున్న మనిషిని, మీకేం కావాలంకుల్ అని నేను ఒక్కసారి అడగలేదు. ఆయన బాధ నేనే ఊహించుకుని, ఆ బాధకి మందు కూడా నేనే వేసేశాను. ఏడుపొచ్చింది, అబద్ధం కాదు.

గురువారం మళ్ళీ మేడం దగ్గరికి పరుగెత్తాను. ఇంకొక్క ఎపిసోడ్ చేద్దాం, వాడు మళ్ళీ చెడిపోతాడని.

"మొన్నటిదాకా మార్చమని ప్రాణం తీశారు! ఆ సిరీస్ అయిపోయింది. మీకు ఒంట్లో బాగానే ఉందా?" అంది.

సరే, నేను చేసిన ముడి నేనే విప్పుకోవాలి కదా. ఇవాళ పొద్దున్నే కొత్త బంతి కొని, ఆయన మొక్కలకి నీళ్ళు పోస్తుంటే, ఆయన చూస్తుండగానే గేటు లోపలికి విసిరాను. ఇంత పొట్టేసుకుని గేటు పట్టుకుని నిలబడి, "అంకుల్, బాల్ ఇవ్వండంకుల్!" అని అరిచాను. పాల ప్యాకెట్ల బండివాడు ఆగి మరీ చూశాడు.

ఆయన బంతి తీసి, లుంగీకి తుడిచి, రెండు చేతులతో తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"వద్దంకుల్, గుంజుకోండి! తిట్టండి!"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గట్లెట్ల బాబూ? కాలనీ అంత నా వీడియో సూసిండ్రు. ఇప్పుడు గుంజుకుంటె, ముసలోడు మల్ల బుద్ధి సూపిచ్చిండంటరు. ఇజ్జత్ వోతది. ఎట్లనో అట్ల మంచోన్నయితి, ఇగ తప్పుతదా!"

అదీ సంగతి. రాక్షసుణ్ణి మంచివాణ్ణి చేసినందుకు నాకు జీతమిచ్చారు. ఈ మంచివాణ్ణి మళ్ళీ రాక్షసుణ్ణి చెయ్యడం మాత్రం, జీతం లేకుండా చేస్తానన్నా నాకు చేతకావడం లేదు.