అరువు కోటలో బావి

పలాస పాసింజరులో నలుగురు స్నేహితులం పాచికల ఆట ఆడుతున్నాం. కథ చెప్పేవాణ్ణి నేను. మిగతా ముగ్గురూ అందులో వీరులు. పాచిక ఎలా పడితే కథ అలా తిరుగుతుంది. కథ మాత్రం మాది కాదు. కోట ఏదో సినిమాలోది, రాక్షసుడు పిల్లల పత్రికలోవాడు, ఓడ ఇంకెక్కడిదో.

ఎదుటి సీట్లో ఒకావిడ అంతా వింటోంది. జీడి పిక్కలు ఒలిచి ఆమె వేళ్లు నల్లబడి ఉన్నాయి.

"బాబూ, ఆ కోటలో నీల్లు మంచివేనా?"

మావాళ్లు నవ్వారు. "బావి ఉందమ్మా, తియ్యటి నీళ్లు," అన్నాను. అప్పటికప్పుడు పుట్టించిన బావి అది.

"అయితే మా ఆయన్ని అక్కడ ఎట్టండి. మా ఉద్దానం నీల్లు ఆయనకి పడనేదు. కిడ్నీలు పాడై పోనాడు. అన్నీ ఎక్కడెక్కడివో తెత్తన్నారు కదా, ఆయన్నీ తెచ్చుకోండి."

సుమ్మాదేవి స్టేషన్లో ఆవిడ దిగిపోయింది. రాక్షసుడు కోట మీద పడే ఘట్టం అది. ఎవరూ పాచిక వేయలేదు.

తర్వాత ఏళ్ల తరబడి ఆడాం. ఆ కోట ఎన్నోసార్లు తగలబడింది. ఎంత కొత్త కథ ఎత్తుకున్నా ఏదో ఒక మలుపులో ఆ బావి తగులుతుంది, గిలక చప్పుడు వినిపిస్తుంది. ఎవరని ఎవరూ అడగరు. మా వీరులు కత్తులు దించి, ఆయన తాగడం అయ్యేవరకు నిలబడతారు.