బైరాగి చూసిన గ్రహణం

బైరాగి కలకత్తా కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చేవాడు. వాట్‌గంజ్‌లో, రేవు గోడ పక్క బస్తీలో కాపురం. 1980లో సూర్యగ్రహణం రోజున ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చున్న వేళ అతని భార్య అప్పమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని గడప దాటనంది. పక్కింటి జగ్గమ్మే కిటికీకి గోనె కట్టి పురుడు పోసింది. పిల్లకు పెదవి చీలి ఉంటుందని బస్తీలో అందరూ అనుకున్నారు. ఏ లోపమూ లేకుండా పుట్టేసరికి, చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువసేపు కూర్చోలేదు.

సూరమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. గ్రహణం పిల్ల అనేవారు. ఎవరి మేక చచ్చినా, ఎవరికి కామెర్లు వచ్చినా, ముందురోజు ఆ పిల్ల ఎటు వెళ్లిందో జగ్గమ్మ గుర్తు చేసుకునేది. బైరాగి కలగజేసుకునేవాడు కాదు. పురుడు పోసిన మనిషి. పైగా ఆమెతో మాట కలిపితే ఒక పట్టాన తెమలదు.

పదిహేనేళ్లు గడిచాక, దీపావళి రాత్రి కాళీపూజ జరిగిన మర్నాడు మళ్లీ గ్రహణం వచ్చింది. డైమండ్ హార్బర్ వెళితే సూర్యుడు పూర్తిగా మూసుకుపోవడం కనిపిస్తుందని చెప్పుకున్నారు. బడిలో పాఠం చెప్పే దీదీమణి పిల్లలకు అట్టకు నల్ల ఫిల్ము అంటించిన కళ్లద్దాలు పంచింది. సూరమ్మ రెండు అడిగి తెచ్చుకుంది.

“నానెల్తానయ్యా,” అంది తండ్రితో. “నన్ను దాని పేరెట్టి తిడతన్నారు గదా. అదేటో ఓపాలి సూస్తాను.”

అప్పమ్మ ఏడ్చింది. “ఒక్కదాన్ని ఎలాగ పంపుతావు?” అని మొగుణ్ణి నిలదీసింది.

“నానూ ఎల్తాను,” అన్నాడు బైరాగి. అప్పమ్మ ఇంకాస్త ఏడ్చింది.

వీధుల నిండా టపాకాయల చెత్త ఉంటుంది, సెలవు కుదరదన్నాడు మేస్త్రి. బైరాగి చెప్పకుండా వెళ్లిపోయాడు. గ్రహణానికి భయపడి ఆ రోజు పనిలోకి ఎవరూ రాలేదు కాబట్టి అతను రాలేదన్న సంగతి ఎవరికీ తెలియలేదు. మేస్త్రీ రాలేదు.

సియాల్దాలో రైలెక్కితే నిలబడడానికే చోటు లేదు. డైమండ్ హార్బర్‌లో గంగ ఒడ్డున తిరునాళ్లలా జనం. తండ్రీకూతుళ్లు గట్టు మీద చోటు చూసుకున్నారు.

“దీదీమణి ఏటి సెప్పింది?” అని అడిగాడు బైరాగి.

“అద్దాలు తీసి సూరీణ్ణి సూస్తే కళ్లు పోతాయంది.”

బైరాగి రెండు చేతులతో అట్టను మొహానికి అదిమిపెట్టుకున్నాడు. నల్లటి ఫిల్ములోంచి సూర్యుడు తరిగిన గోరంత అయ్యాడు. తర్వాత అదీ పోయింది. గాలి చల్లబడింది. ఆడవాళ్లు నాలుకలాడిస్తూ ఉలూధ్వనులు చేశారు, శంఖాలు ఊదారు. ఎవరో మైకులో బెంగాలీలో ఏదో చెప్పారు గాని ఆ గోలలో వినిపించలేదు. పక్కనెవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. బైరాగి కదల్లేదు. ఎదురుగా చీకటి తప్ప ఏమీ లేదు. గ్రహణమంటే ఇదే కాబోలనుకుని ఓపిగ్గా చూశాడు. కాసేపటికి గోరు మళ్లీ కనిపించింది.

అట్ట దించేసరికి ఏడ్చింది సూరమ్మేనని తెలిసింది. ఆమె అద్దాలు చేతిలో ఉన్నాయి.

“సూరీడు నల్లగా, సుట్టూ తెల్లటి జడలేసుకున్నట్టున్నాడయ్యా. సుక్కలొచ్చాయి. సూసావా?”

“సూసాను.”

“పూర్తిగా మూసుకున్నాక అద్దాలు తియ్యమని మైకులో సెప్పారు. తీసావు గదా?”

బైరాగి నది వైపు చూశాడు. “ఆకలేత్తంది, ఏదైనా తిందాం పద,” అన్నాడు.

ఆ దీపావళి వెళ్లిన వారానికి జగ్గమ్మ మనవడికి జ్వరం వచ్చింది. జగ్గమ్మ గుమ్మంలో నిలబడి, “ఆ గ్రహణం పిల్ల నిన్న మా యింటి ముందు నుంచి ఎల్లింది,” అని మొదలుపెట్టింది.

బైరాగి చీపురు గోడకు ఆనించి ఆమె దగ్గరికి నడిచాడు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

“జగ్గమ్మప్పా, గ్రహణం నాను సూసాను. మొదట్నించీ సివరిదాకా కళ్లు ఆర్పకుండా సూసాను. అందులో ఏటీ లేదు.”

“ఏటీ లేదా?”

“ఏటీ లేదు. పిల్లోడికి మందు తెచ్చావా?”

బస్తీ మొత్తం మీద గ్రహణాన్ని కళ్లారా చూసిన పెద్దమనిషి అతనొక్కడే. జగ్గమ్మ కొంగు దోపుకుని మందుల దుకాణానికి బయలుదేరింది.