కుట్టు లేని ముంత

తాస్యా చేతులు అప్పటికే పనిలో ఉన్నాయి. భూర్జ చెట్టు దుంగను మోకాళ్ల మధ్య అదిమి పట్టి, ఆవు పక్కటెముకను అరగదీసి చేసిన పలుచని కత్తిని బెరడుకీ కట్టెకీ నడుమ పోనిస్తోంది. వేలెడు లోపలికి పోయింది. ఇంకో వేలెడు పోయింది. అక్కడ ఆగింది. ఎముకకు కాస్త వెన్న రాసి మళ్లీ మెల్లగా తోసింది. ఎండిన బట్ట చిరిగినట్టు చప్పుడైంది. తెల్లని బెరడు మీద పైనుంచి కిందిదాకా సన్నటి గీత పడింది.

ఇంక దానితో పనిలేదు. దుంగను తీసి పొయ్యి కట్టెల మీద పడేసింది. దాని కింద నిన్నటి దుంగ ఉంది. దాని మీదా అలాంటి గీతే.

అరుగు మీద పాలటీ తాగుతున్న మొగుడు తోల్యా గొంతు సవరించుకున్నాడు. "పోనీలేవే. ఈ ఏడు మనింట్లో పొయ్యి అంటించుకోవడానికి కొదవ లేదు."

"నీ నోరూ ఎండు బెరడే ముసలాయనా. అంటుకుంటే ఆగదు."

కాగితాల మీద ఆమె పేరు చూ ఫెంగ్‌శ్యా. ఆ పేరుతో పిలిచేది పాలకేంద్రంలో గుమాస్తా ఒక్కడే. ఊరందరికీ తాస్యా. అమ్మమ్మ పెట్టిన పేరు అది. ఆ అమ్మమ్మ అర్గున్ నది అవతలి ఒడ్డు నుంచి, అది వేరే దేశమని ఎవరూ గట్టిగా పట్టించుకోని రోజుల్లో, ఇవతలి చీనా కుర్రాడిని కట్టుకుని పడవలో వచ్చింది. ఒక ఆవునీ, ఒక బెరడు ముంతనీ వెంట తెచ్చుకుంది. ఊళ్లో సగం ఇళ్లు ఇలా నదికి రెండువైపులా వేళ్లున్నవే. దుంగల గోడలు, నీలం రంగు కిటికీలు, ప్రతి ఇంటి వెనకా పశువుల కొట్టం. పొద్దున్నే ఊరంతా పాలు పిండే చప్పుడు. నది ఒడ్డున ముళ్లకంచె, కంచె అవతల నీళ్లు, నీళ్ల అవతల రష్యా.

ఆ ముంతను తూయెస్ అంటారు. అందులో తోడేసిన పెరుగు గడ్డికోతల ఎండలో కూడా పులవదు. దాని లోపలి గొట్టానికి కుట్టు ఉండదు, అతుకు ఉండదు. బతికున్న చెట్టు మీద బెరడు ఎలా గుండ్రంగా ఉందో అలాగే, చొక్కా చేయి విడిచినట్టు, దుంగ మీంచి చీల్చకుండా జార్చాలి. ఊళ్లో ఆ పని తెలిసిన ఆఖరి మనిషి పోయేనాటికి తాస్యాకి కొత్తగా పెళ్లయింది. ఆమెకి ఎవరూ నేర్పలేదు. అమ్మమ్మ ముంత కారడం మొదలుపెడితే దాన్ని వేడినీళ్లలో నానబెట్టి, ఏ పొర తర్వాత ఏ పొర ఉందో చూస్తూ విప్పింది. విప్పడం తేలికే. మళ్లీ అలాంటిది చేయబోతే వేసవి వెంట వేసవి, బెరడంతా పొయ్యి పాలైంది.

చివరికి దారి చూపించింది ఆవు. ఒక జూన్ నెలలో దూడ అడ్డం తిరిగితే తాస్యా మోచేతిదాకా చేయి లోపల పెట్టి సవరిస్తోంది. లాగితే రాలేదు. చేత్తో చుట్టూ తడుముతూ, జిగురు తడిని అన్నివైపులా సమంగా పారనిస్తే, దూడ తనంతట తానే జారి ఒళ్లో పడింది. తాస్యా ఆ తడి చేతుల్తోనే కాసేపు అలా కూర్చుండిపోయింది. మర్నాడు భూర్జ దుంగ దగ్గర బెరడును లాగడం మానేసింది. చుట్టూ వదులు చేసి, దాని సమయానికి దాన్ని వదిలింది. అది జారి వచ్చింది. అప్పటి నుంచి ఇన్నేళ్లలో ఎన్ని ముంతలు చేసినా, బెరడు జారే ఆ క్షణంలో ఆమెకి ఒళ్లు జలదరించడం మానలేదు.

ఈ ఏడు మాత్రం చెట్లు మాట వినడం లేదు. ముంత కావలసింది లీదాకి.

లీదా వీధి చివర ఇంట్లో, తల్లి పోయాక ఒంటరిగా పాడి నడుపుకుంటున్న మనిషి. పోయిన చలికాలం తుఫానులో మంచు సరిహద్దు కంచెను తీగలతో సహా పూడ్చేసింది. లీదా దొడ్డి తలుపు ఊడిపోయింది. పశువు మంచుగాలికి ఎదురు నిలబడదు, గాలి ఎటు తోస్తే అటు నడుస్తుంది. ఆ రోజు గాలి ఇటునుంచి అటు వీచింది. గడ్డకట్టిన నది మీదుగా లీదా ఆవులు నాలుగూ పక్క దేశంలోకి నడిచిపోయాయి. తెల్లవారి లీదా పాలబకెట్టు పట్టుకుని ఒడ్డున నిలబడింది. అవతల ఎవరిదో గడ్డివాము దగ్గర తన ఆవులు నెమరేస్తున్నాయి. పేరుపేరునా పిలిచింది. ఒకటి తలెత్తి చూసింది కూడా. కానీ సరిహద్దు దాటిన పశువు మళ్లీ వెనక్కి రాకూడదు, రోగాల భయం. పొదుగులు నిండి అవి అరుస్తుంటే అవతలి ఆడవాళ్లు వచ్చి పితికారు. లీదా ఆ సంగతి చెప్పినప్పుడు ఏడవలేదు. "మంచివాళ్లే, మెల్లిగా పితికారు" అని మాత్రం అంది.

మిగిలింది కొట్టంలో కట్టేసి ఉన్న పెయ్య ఒక్కటే, జోర్కా. ఇప్పుడది తొలిచూలు. నేడో రేపో ఈనేలా ఉంది.

ఆ సాయంత్రం లీదా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. కట్టెల మీద పగిలిన బెరళ్లు చూసింది.

"ఇదీ పోయిందా పెద్దమ్మా?"

"పోయింది. లోపలికి రా. లేబా రొట్టె వేడిగా ఉంది, మీగడ రాసుకుని తిను."

"వద్దు. శనివారం పశువుల లారీ వస్తుంది. ముంత కుదరకపోతే జోర్కాని ఎక్కించేస్తా. హైలార్ పట్నంలో అక్క ఉంది, హోటల్లో గిన్నెలు కడుక్కుని బతుకుతా."

"ముంతకీ లారీకీ ఏం సంబంధమే?" అన్నాడు తోల్యా.

"నీకు తెలీదా పెదనాన్నా? కుట్టున్న పాత్రలో తొలి పాలు తోడేస్తే ఆవు ఆ కుట్టు వెతుక్కుంటూ ఇల్లు విడిచి పోతుందని అమ్మ అనేది. నేను రేకు డబ్బాలో తోడేశా. నవ్వుతూ తోడేశా."

"డబ్బా కాదే పిచ్చిదానా, గాలి."

"గాలి అందరి దొడ్లలోనూ వీచింది. పోయినవి నావి."

ఆ నమ్మకం నిజమో కాదో తాస్యా ఎప్పుడూ తేల్చుకోలేదు. లీదా మళ్లీ పాలబకెట్టు పట్టుకోవాలంటే చేతికి ఏదో ఒకటి ఆసరా కావాలి. అది ముంతే కావాలంటే ముంతే చేయాలి.

లీదా వెళ్లాక తాస్యా గుమ్మానికి మొన్నటిదాకా ఎండుకొమ్మలు వేలాడిన చోటు చూస్తూ కూర్చుంది. ఈస్టర్ తర్వాత ఏడు వారాలకి వచ్చే త్రిత్వ పండుగకి భూర్జ కొమ్మలు గుమ్మాలకి కడతారు. అవి ఎండి, నదిలో కలిపేదాకా భూర్జ చెట్టు మీద ఇనుము పెట్టరాదని అమ్మమ్మ నాటి కట్టడి. ఈసారి ఎండలు ముందొచ్చాయి, పండుగ ఆలస్యంగా వచ్చింది. ఆమె కట్టడి తప్పలేదు. కానీ ఆమె ఆగినన్నాళ్లూ ఎండ ఆగలేదు. దక్షిణం వాలులో చెట్లు నీరు తాగి ముగించి, బెరడును కట్టెకు బిగించేసుకున్నాయి.

"ముసలాయనా, కొండకి ఉత్తరం పక్క మంచు ఎప్పుడు కరిగింది?"

"కంచె వైపా? మొన్నటిదాకా గుంటల్లో తెల్లగానే ఉంది. ఎందుకూ?" అని తోల్యా తలెత్తి ఆమె ముఖం చూశాడు. "ఏయ్, అది సైనికుల చోటు. ఈ వయసులో నిన్ను జైల్లో పెడితే నాకు రొట్టెలెవరు కాలుస్తారు?"

"అందుకే ఈ పూట రెండు ఎక్కువ కాల్చా. ఒకటి వాళ్లకి."

మర్నాడు పొద్దున్న పాలు పితికి, కేంద్రంలో పోసి, రంపం భుజాన వేసుకుని ఉత్తరం వాలుకి వెళ్లింది. కాపలా దారి మీద సార్జెంట్ ఫాన్ ఎదురయ్యాడు. దక్షిణాది మనిషి, ఇక్కడి చలిని తిట్టుకుంటూనే ఎన్నో ఏళ్లుగా ఉండిపోయాడు.

"ఎక్కడికి పెద్దమ్మా, ఆయుధాలతో? అవతలి దేశం మీదకి దండయాత్రా?"

"మా లీదా ఆవులు అక్కడున్నాయి. నువ్వు దారిస్తే తోలుకొస్తా."

"నా టోపీ ఊడుతుంది."

"అయితే ఒక చెట్టియ్యి."

ఫాన్ ఆమె అందించిన రొట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. దారి వెడల్పు చేయడానికి కొట్టేయబోయే చెట్ల మీద ఎర్ర రంగు పూసి ఉంది. "వాటిలో ఏదైనా తీసుకో. రంగు లేనిదాని జోలికి పోవద్దు. నేనిక్కడే ఉంటా" అన్నాడు.

తాస్యా రంగు పూసిన ఒక్కొక్క చెట్టు చుట్టూ తిరిగింది. ఒకదానికి కొమ్మ మచ్చ. ఒకదానికి మెలిక. ఒకటి మరీ లావు. కంచెకి ఆనుకున్నట్టు ఒకటుంది, మోకాలి ఎత్తు నుంచి రొమ్ము ఎత్తుదాకా ఎక్కడా మచ్చ లేదు. అరచేత్తో నిమిరింది. పాలపొడి లాంటి తెల్లపొడి చేతికంటింది. చెవి ఆనించింది. ఏమీ వినబడదని ఆమెకి తెలుసు, అయినా ప్రతిసారీ ఆనిస్తుంది.

చెట్టును ఫాన్ కోసిపెట్టాడు. తాస్యా కావలసిన ముక్క తీసుకుని, రెండు చివర్లా బెరడును చుట్టూ గాటు పెట్టి వలిచింది. కింద పసుపు రంగు కట్టె తడిగా మెరిసింది. ఆ తడి చూశాక గానీ ఆమె ఊపిరి వదల్లేదు. ఎముకకు వెన్న రాసి లోపలికి పోనిచ్చింది. వేలెడు. ఇంకో వేలెడు. చుట్టూ తిప్పింది. దుంగను తిరగేసి అటునుంచీ అలాగే వదులు చేసింది. ఒక చోట ఎముక ఆగింది. తోయలేదు. వెనక్కి తీసి, పక్కనుంచి వచ్చి, మళ్లీ పక్కనుంచి వచ్చింది.

"పట్టి లాగమంటావా?" అన్నాడు ఫాన్.

"నువ్వు పుట్టేటప్పుడు మీ అమ్మని ఎవరైనా అలా అడిగారా? ఊరుకో."

లావు కొన కిందకి ఉండేలా దుంగను మోకాళ్ల మధ్య నేలకు తగలకుండా ఎత్తి పట్టింది. బెరడును రెండు చేతులా పొదివి పట్టుకుని మెల్లగా మెలి తిప్పింది. లోపలెక్కడో చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడు. "ఇప్పుడు పైనుంచి కొట్టు. మెత్తగా. కట్టె మీదే" అంది. ఫాన్ సన్న కొన మీద కర్రతో తట్టాడు. ఇంకోసారి తట్టాడు. కట్టె ఒక్కసారిగా జారి గడ్డిలో పడింది, నున్నగా, తడిగా, ఆవిరి లేస్తున్న అప్పుడే పుట్టిన దూడలా. తాస్యా చేతుల్లో బెరడు మిగిలింది. చెట్టు గుండ్రం అలాగే ఉంది, చెట్టు మాత్రం లేదు.

ఫాన్ టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికీ తెలిసినట్టు లేదు. తాస్యా గొట్టాన్ని పైకెత్తి అందులోంచి చూసింది. లోపలి గోడలు తేనె రంగులో వెలుగుతున్నాయి. ఆ చివర గుండ్రంగా నది, నది అవతలి పచ్చిక, పచ్చిక మీద చుక్కల్లా ఎవరివో ఆవులు.

మిగతాది చేతులకి తెలిసిన పని. ముంత అడుగుకని పొయ్యి మీద ఏడాదిగా ఆరిన దేవదారు చెక్క కోసం వెతికితే, అది తోల్యా దోసకాయల ఊరగాయ పీపా మీద మూతగా దొరికింది.

"ఉప్పు పట్టింది కదయ్యా! పెరుగు ముంతకి ఉప్పు అడుగు వేయనా?"

"ముందే మజ్జిగ కలిపినట్టుంటుంది" అన్నాడు తోల్యా. అని, తానే లేచి తన మంచం కింద దాచుకున్న ఎండుచెక్క తెచ్చి, మారు మాట లేకుండా గుండ్రంగా చెక్కి ఇచ్చాడు.

గొట్టం అంచును మరిగే నీళ్లలో ముంచితే బెరడు తోలులా మెత్తబడింది. చెక్కను నొక్కి దించింది. బెరడు చల్లారుతూ చెక్కను తనంతట తానే బిగించుకుంది. పైన ఇంకో బెరడు చొక్కా తొడిగి, పై అంచును వెనక్కి మడిచింది. మేకు లేదు, జిగురు లేదు. మూత చెక్కి, పిడి వంచి పెట్టింది. నీళ్లు నింపి, బల్ల మీద పొడి బూడిద చల్లి దాని మీద ఉంచింది. చుక్క కారినా బూడిద చెబుతుంది. తెల్లవారి ముంతను పైకెత్తి చూస్తే బూడిద పొడిగా, పడుకున్న పిల్లి ఒంటిలా మెత్తగా ఉంది.

శుక్రవారం పొద్దున్న లీదా పరుగెత్తుకొచ్చింది. మోచేతులదాకా ఎండిన జిగురు. జుట్టులో గడ్డి.

"ఈనింది పెద్దమ్మా! పెయ్యదూడ. లేచి నిలబడింది కూడా. జున్నుపాలు దానికే వదిలేశా."

"మరి రేపు లారీ?" అన్నాడు తోల్యా.

"ఏ లారీ పెదనాన్నా?"

తాస్యా ముంతలో నీళ్లు పారబోసింది. ఉత్త ముంత ఇవ్వకూడదు. తన ముంతలోంచి గరిటెడు పెరుగు తీసి, తోడుకని అందులో వేసి, మూత పెట్టి, రెండు చేతులా అందించింది. లీదా చేతులు దులుపుకుని, రెండు చేతులా అందుకుంది. గుమ్మం దిగి రెండడుగులు వేసి ఆగింది. మూత తీసి, లోపలి గోడ మీద పెరుగంటని చోట వేలు పెట్టి, కుట్టు కోసం తడుముతూ చుట్టూ తిప్పింది. వేలు బయలుదేరిన చోటికే వచ్చింది. మళ్లీ తిప్పింది.