షాంఘై మనిషి ఎన్నోవాడు

కాశింవలి ఆఖరిసారి చేసిన పని మైదా జిగురు కాచడం. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, కలియబెట్టి, పొయ్యి ఆపాడు. "సల్లారినాక పూయి బేటీ, వేడి మీద పూస్తే కాగితం ముడతలు పడతాది" అని కూతురు రుహీకి చెప్పి, పక్కనున్న మునస్వామి టీ అంగడికి వెళ్ళాడు. అక్కడ బల్ల మీదే గుండె ఆగిపోయింది. టీ ఇంకా కలపనే లేదంటాడు మునస్వామి.

తిరుపతిలో యూనివర్సిటీకి పోయే దారిలో ఆయనది బైండింగ్ అంగడి. చదివింది తొమ్మిదో తరగతి. 2012లో ఎవరో పరిశోధక విద్యార్థి చైనా రాజకీయాల మీద తెలుగులో రాసిన థీసిస్ తెచ్చి ఇచ్చాడు. పేజీ నంబర్లు లేవు. కాగితాలన్నీ కలిసిపోయాయి. వరస కట్టాలంటే చదవక తప్పలేదు. చదివాక ఇక వదల్లేకపోయాడు. అక్కడ పార్టీ పెద్దల మనసులో మాట బయటికి రాదు. ఫోటోలో ఎవరి పక్కన ఎవరున్నారు, జాబితాలో ఏ పేరు పైకెక్కింది, ఏది మాయమైంది అన్నదాన్ని బట్టే తెలుసుకోవాలి.

"ఇది మన పనే గదబ్బా" అన్నాడు మునస్వామితో. "యా కాగితం ముందు, యాది తప్పిపోయింది, అంతే గదా."

"మన వార్డు కార్పొరేటర్ పేరే తెలీదు నీకు."

"ఆయప్ప యాడ నిలబడినా కొళాయిలో నీళ్ళు వచ్చేది లేదు గదప్పా."

సరిహద్దులో గొడవ జరిగితే ఊరంతా మ్యాపు చూసేది. కాశింవలి మాత్రం బీజింగులో తరవాతి పార్టీ సమావేశం ఎప్పుడా అని చూసేవాడు. ఆ పిచ్చి రుహీకీ అంటుకుంది. డిగ్రీ అయ్యాక ఎం.ఏ.లో అదే చదువుతానంది. తల్లి మహబూబ్ బీ ఒప్పుకోలేదు. "బి.ఎడ్. చేస్తే బడిలో పని దొరుకుతాది. చైనా చదివి ఏం చేస్తావు, నగరి బస్టాండులో చైనా బొమ్మలమ్ముతావా?"

కాశింవలి ఒక పందెం తెచ్చాడు. ఆ ఏడు, 2022 అక్టోబరులోనే చైనాలో పార్టీ మహాసభ. సభ ముగిసిన మర్నాడు కొత్తగా ఎన్నికైన ఏడుగురు పెద్దలు హోదా వరసలో బయటికి వస్తారు. మొదటివాడెవరో లోకానికంతా తెలుసు. మిగతా ఆరుగురి పేర్లూ వరసలో రాయాలి. చోటుతో సహా కలిసిందే లెక్క. రుహీవి ఎక్కువ కలిస్తే ఎం.ఏ., ఆయనవి ఎక్కువైతే బి.ఎడ్. మహబూబ్ బీ సరేనంది. కాశింవలి రుహీ నోటుబుక్కు ముందట్టలో ఆమె చీటీని, వెనకట్టలో తన చీటీని పెట్టి పైన కాగితం అంటించేశాడు.

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. అంగడిలో ఒక్క ఫోను చుట్టూ నలుగురు. తెర మీద ఎర్ర తివాచీ, మూసిన తలుపు. ఎంతకీ తెరుచుకోదు.

"పెండ్లికొడుకు ఇంకా రాలేదా?" అన్నాడు మునస్వామి.

"ఉండప్పా, గమ్మునుండు."

తలుపు తెరుచుకుంది. మొదటాయన. ఆ వెనకే రెండోవాడు. రుహీ స్టూలు తన్నుకుని లేచింది. షాంఘై పార్టీ కార్యదర్శి! కరోనాలో ఊరందరినీ ఇళ్ళలో పెట్టి తాళం వేసినందుకు ఆయన పని అయిపోయిందని పేపర్లన్నీ రాశాయి. రుహీ మాత్రం రెండో చోటే రాసింది. పూర్వం ఆ మొదటాయన దగ్గర పనిచేసినవాళ్ళని లెక్కలోంచి వదలొద్దని నేర్పింది అబ్బానే.

ఆరుగురిలో ముగ్గురు కలిశారు. ఆగలేక అక్కడే ముందట్ట చింపి చీటీ తీసి తల్లికి చూపించింది. వెనకట్ట మీద చెయ్యి వేయబోతే కాశింవలి పుస్తకం లాక్కున్నాడు.

"నాది చింపాకు. నాకు రెండే. షాంఘై ఆయప్పని నేను తీసేసినా. పేపర్లు నమ్మి చెడినా."

"ఏండ్ల తరబడి చదివి ఇదేనా?" అంది మహబూబ్ బీ నవ్వు ఆపుకోలేక. "పోనీలే, చదువుకో పో" అంది కూతురితో.

రుహీ వీధంతా మిఠాయి పంచింది. ఇప్పుడు అదే సబ్జెక్టులో పరిశోధన చేస్తోంది.

ఆయన పోయాక వచ్చిన వానాకాలంలో నోటుబుక్కు చెమ్మ పట్టింది. వెనకట్ట ఉబ్బి, లోపలి కాగితం దానంతటదే లేచింది. చీటీలో కాశింవలి గుండ్రటి అక్షరాలు. కలిసినవి నాలుగు. షాంఘై మనిషి రెండో చోటున ఉన్నాడు.