కిటికీ వైపు తిరిగిన తెర

నవనీత వనపర్తిలో డిగ్రీ చదివి, కంప్యూటర్ నేర్చుకుని, 2005లో ఇంటికి బస్సు దూరంలో ఉన్న ఒక మండల కార్యాలయంలో ఆపరేటర్‌గా చేరింది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు కంప్యూటర్‌లో తీసి ఇవ్వడం అక్కడ అప్పుడే మొదలైంది. కాలేజీలు తెరిచే రోజుల్లో ఆమె కిటికీ ముందు వరస గేటు దాకా సాగేది. జనం ఊచల అవతలి నుంచి పేర్లు చెప్పేవారు. ఫ్యాను చప్పుడులో వినబడినంత విని ఆమె టైపు చేసేది.

ఒకరోజు జోగులమ్మ అనే రైతు, తీసుకెళ్లిన కాగితాన్నే మళ్లీ పట్టుకుని వచ్చింది.

"మా బిడ్డ నాగవేణి. నువ్వు నాగమణి అని కొట్టినవంట. కాలేజోళ్లు వాపస్ పంపిండ్రు. చేన్ల కలుపు ఇడిసిపెట్టి వచ్చిన."

"నువ్వు గట్లనే చెప్పినవేమో అక్కా" అంది నవనీత.

"నా బిడ్డ పేరు నాకు తెల్వదా?" జోగులమ్మకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. "చేత్తోని రాసేటప్పుడన్న సారు ఏం రాస్తుండో తొంగి చూస్తుంటిమి. గిప్పుడు గా డబ్బా ఈపు తప్ప ఏం కనవడ్తలేదు."

ఇంటికి పోయే బస్సులో నవనీతకు ఆ మాటే గుర్తొస్తూ ఉంది. నిజమే, తెర ఆమె ఒక్కదానికే కనబడుతోంది.

మరునాడు పెందలాడే వచ్చి, అటెండర్ రాములుతో కలిసి తెరను కిటికీ వైపు తిప్పబోయింది. వైరు చాలలేదు. చివరికి టేబులునే జరిపారు. తను పక్కకు తిరిగి, మెడ వంచి కూర్చోవాల్సి వచ్చింది. కానీ ఇప్పుడు బయటివాళ్లకు తమ పేరు కనబడుతోంది. చదవడం రానివాళ్లకు వెనకాల నిలబడ్డవాళ్లు చదివి చెప్పసాగారు.

"ఎల్లమ్మల ఒత్తు పోయింది మేడం."

"అరె, నాకు మా అన్న ఊరు పెట్టినవు."

ఆ గోలకు ఎమ్మార్వో గదిలోంచి బయటికి వచ్చాడు. "ఏందమ్మా ఇది, అంగడా? సర్కారు కంప్యూటర్ అందరికీ చూపిస్తే ఎట్ల?"

నవనీత కుర్చీలోంచి లేచి నిలబడింది. "వాళ్ల పేర్లే కద సార్, వాళ్లు చూసుకుంటున్నరు. తప్పుంటే ఇక్కడనే దిద్దుతున్న."

ఆయన కిటికీకి అడ్డంగా నిలబడి తెర వైపు చూస్తున్నాడు. వరసలోంచి నాగప్ప అనే ముసలాయన, "సారూ, జర పక్కకు జరుగు. నా పేరు కనవడ్తలేదు" అన్నాడు.

ఎమ్మార్వో ఠక్కున జరిగాడు. జరిగాక గానీ ఏం చేశాడో ఆయనకే తట్టలేదు. వరసంతా నవ్వింది, ఆయనా నవ్వేశాడు.

"సరే, కొన్ని దినాలు చూద్దాం."

వాపసు వచ్చే కాగితాలు బాగా తగ్గిపోయాయి. నవనీత మెడ నొప్పి చూసి ఆయనే పొడుగు వైరు తెప్పించాడు. నాగవేణి కాలేజీలో చేరింది.

ఆ ఏడు ఆపరేటర్లందరినీ వనపర్తిలో కూర్చోబెట్టి, ఎవరి దగ్గర ఏ పద్ధతి బాగుందో చెప్పమన్నారు. నవనీత రాసుకొచ్చిందంతా వేదిక ఎక్కగానే మర్చిపోయింది.

"టేబుల్ తిప్పిన సార్, గంతే" అంది.

ఆ తర్వాత కొత్తవాళ్లకు పని నేర్పడానికి వేరే మండలాలకు ఆమెనే పంపేవారు. ఎక్కడికి పోయినా ముందు బయటికి వెళ్లి జనంతో పాటు వరసలో నిలబడి చూసేది. అక్కడి నుంచి తెర కనబడకపోతే, చున్నీ నడుముకు బిగించి టేబులుకు ఒకవైపు చెయ్యేసేది.